వీరులపాడు నుంచి యూనివర్సిటీ ఎంత దూరం?

చంకలో చుట్టచుట్టిన చార్టులు, చేతిలో లెసన్ ప్లాన్ రికార్డు. బి.ఇడి. విద్యార్థులు ఇలా జట్టుగా గేటు దాటి రావడం జిల్లా పరిషత్ హైస్కూళ్లకు కొత్తేమీ కాదు. కొత్త సార్లు వచ్చారని పిల్లలకు సంబరం. సిలబస్ ఎక్కడ వెనకబడుతుందోనని సబ్జెక్టు టీచర్లకు బెంగ. వచ్చినవాళ్లను పంపింది కాలేజీ, ఆ కాలేజీకి అనుబంధ గుర్తింపునిచ్చింది విశ్వవిద్యాలయం. బడికీ ఆ విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్న చుట్టరికం మాత్రం చాలా పాతది, చాలా పలచనిది.

ఈ కథ 1854 నాటి వుడ్స్ డిస్పాచ్‌తో మొదలవుతుంది. దేశంలో విశ్వవిద్యాలయాలు పెట్టాలన్నదీ ఆ పత్రమే, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలన్నదీ ఆ పత్రమే. ఒకే కాగితం మీద పుట్టినా రెండూ వేర్వేరు ఇళ్లలో పెరిగాయి. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు వచ్చింది, మరుసటి ఏడాది విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ నార్మల్ స్కూలే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. హైస్కూల్లో పాఠం చెప్పాలనుకునే డిగ్రీవాళ్లు ఎల్.టి. అనే బోధనా పట్టా కోసం అక్కడికి వెళ్లేవారు. 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఆ తర్వాత సైదాపేటలో శిక్షణకు కూర్చున్నవారే. తెలుగు ప్రాంతానికి ఆ చదువును దగ్గర చేసింది రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ. ఇదంతా హైస్కూలు మాస్టర్ల సంగతి. పల్లె బడిలో అక్షరాలు దిద్దించే పంతులుకు యూనివర్సిటీ గాలి సోకలేదు, ఆయనది ట్రైనింగ్ స్కూలు చదువు. ఆ గీత ఇప్పటికీ చెరిగిపోలేదు. సెకండరీ గ్రేడ్ టీచరుది డి.ఇడి., స్కూల్ అసిస్టెంటుది బి.ఇడి.

బడిలో పుట్టిన ప్రశ్న విశ్వవిద్యాలయం తలుపు తట్టిన ఘట్టం ఒకటి ఉంది. శిక్షణ చరిత్రలో దాన్ని ఎవరూ చేర్చరు గానీ చేర్చాల్సిందే. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారుల స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు తరగతి గదుల్లో ఒక వింత కనిపించింది. పుస్తకంలో ఉన్న తెలుగు వేరు, పిల్లలకు అర్థం కావడానికి మాస్టారు నోటితో చెప్పే తెలుగు వేరు. ఎందుకిలా అని ఆయన విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగాడు. ఆ ప్రశ్న అక్కడి నుంచి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న గిడుగు రామమూర్తికీ, విజయనగరంలోని గురజాడకూ చేరింది. తర్వాత నడిచిందంతా వ్యావహారిక భాషోద్యమం. చివరకు వ్యవహారం మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీ ముందుకు వెళ్తే గ్రాంథికానిదే పైచేయి అయింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. బడి అడిగింది, యూనివర్సిటీ కాదంది. అయినా పాఠం చెప్పేవాడి ఇబ్బంది నుంచి ఇంత పెద్ద చర్చ లేవడం మళ్లీ జరగలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలోనే మొదలైంది. అంటే నందిగామ దగ్గరి వీరులపాడు మనిషి ఎడ్లబండి కట్టుకునైనా వెళ్లి రాగలిగినంత దగ్గర. ఆ భాగ్యం ఎంతోకాలం నిలవలేదు, నాలుగేళ్లకే అది వాల్తేరుకు వెళ్లిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ దూరం గురించి సూటిగా మాట్లాడింది 1964-66 కొఠారీ కమిషన్. శిక్షణ కాలేజీలు విశ్వవిద్యాలయ జీవితానికీ దూరంగా ఉన్నాయి, బడులకూ దూరంగా ఉన్నాయి, ఒకదానికొకటి కూడా దూరంగానే ఉన్నాయని తేల్చింది. అంతకు ముందే, 1963లో, ఎన్.సి.ఇ.ఆర్.టి. మైసూరుతో సహా నాలుగుచోట్ల ప్రాంతీయ విద్యా కళాశాలలు తెరిచింది. కాలేజీ ఆవరణలోనే ఒక బడి, నాలుగేళ్ల డిగ్రీలోనే శిక్షణ. ఆంధ్రప్రదేశ్ మైసూరు పరిధిలోకి వచ్చింది. బాగా నడిచిన ఏర్పాటే, కానీ ఇంత పెద్ద దక్షిణాదికి అలాంటిది ఒక్కటంటే ఎవరికి సరిపోతుంది?

ఈలోగా అదే 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ నుంచి మైక్రో టీచింగ్ బయలుదేరింది. ఐదారు నిమిషాల పాఠం, ఒకే నైపుణ్యం, ఎదురుగా కొద్దిమందే పిల్లలు. మన కాలేజీలకు చేరేసరికి ఆ పిల్లల స్థానంలో తోటి ఛాత్రోపాధ్యాయులే కూర్చున్నారు. ఇరవై రెండేళ్ల మనిషి ఆరో తరగతి కుర్రాడిలా చేయెత్తి ‘సార్, సార్’ అనడం ఎలా ఉంటుందో బి.ఇడి. చదివిన ప్రతివారికీ గుర్తుంటుంది. మంచి సాధనమే, కాకపోతే బడికి వెళ్లకుండానే సగం సాధన అయిపోయిందన్న భ్రమ దానితోపాటు వచ్చింది.

1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది, వీరులపాడువాళ్లకు కృష్ణ దాటితే చాలు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) అన్నారు. కృష్ణా జిల్లాకు అది గుడ్లవల్లేరు దగ్గర అంగలూరులో ఉంది. 2008లో మచిలీపట్నం (బందరు)లో కృష్ణా విశ్వవిద్యాలయం పెట్టారు. ఒకటిన్నర శతాబ్దంలో యూనివర్సిటీ మద్రాసు నుంచి వాల్తేరుకు, నాగార్జున నగర్‌కు, బందరుకు మారుతూ వచ్చింది. హైస్కూలుతో దాని మాట మాత్రం ప్రిన్సిపాల్ సంతకంతో వచ్చే ఉత్తరం దగ్గరే ఉంది.

ఇంగ్లండులో ఇంకో దారి తొక్కారు. 1987లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన జిల్లా స్కూళ్లతో కలిసి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టింది. శిక్షణార్థికి యూనివర్సిటీలో ఒక గురువు ఉంటే, బడిలో మెంటరుగా మరో గురువు. 1992లో ప్రభుత్వం దాన్ని ఇంకా ముందుకు తోసింది. హైస్కూలు శిక్షణలో మూడింట రెండొంతుల కాలం బడిలోనే గడవాలి, ఆ పనికి శిక్షణ సొమ్ములో బడికీ వాటా ముట్టాలి. బడి పనికి ఖరీదు కట్టడమన్నది అక్కడి అసలు మలుపు.

మనకు మార్పు వారాల లెక్కలో వచ్చింది. ఉపాధ్యాయ శిక్షణపై జస్టిస్ వర్మ కమిషన్ 2012 నివేదిక తర్వాత, 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్.సి.టి.ఇ.) నిబంధనలు బి.ఇడి.ని రెండేళ్లు చేసి, బడి అనుభవాన్ని ఇరవై వారాలకు పెంచాయి. నలభై పాఠాలు చెప్పేసి రికార్డు కట్టించుకునే రోజులతో పోలిస్తే ఇది చిన్న సంగతేమీ కాదు. ఆ ఇరవైలో పదహారు వారాలపాటు ఒకే బడిలో ఉన్న కుర్రాడికి ప్రార్థన దగ్గర నుంచి మధ్యాహ్న భోజనం వరుసల దాకా అన్నీ తెలుస్తాయి. కానీ కాలేజీలు బడుల నుంచి తెచ్చుకునే అంగీకార పత్రాల్లో ఆ బడి మాస్టారు నేర్పే గురువుగా కనిపించరు, గది ఇచ్చిన ఇంటాయనలా కనిపిస్తారు. 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ నాలుగేళ్ల సమీకృత డిగ్రీ అంటోంది. మైసూరులో 1963లో వేసిన బాటే అది, దాదాపు అరవై ఏళ్లకు తిరిగి వచ్చింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. బందరులోని విశ్వవిద్యాలయం, అంగలూరు డైట్ కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి.