అగ్గిపుల్లయు దవడయెముకయు

మన యిండ్లలో దేవుని గూటియొద్ద నొకటి, వంటయింట నొకటి అగ్గిపెట్టె యుండుట సామాన్యము. ఆ పెట్టె ప్రక్కను గోధుమవన్నె గల గరుకు పట్టీ యుండును. పుల్లను దానిపై గీచిననే గాని మండదు. గోడకు గీచినను, రాతికి గీచినను సాధారణముగా మండదు. ఇది పెట్టె యందము కొఱకు గల్పింపబడిన యేర్పాటు గాదు. భాస్వరమను పదార్థమును పుల్లకొననుండి తొలగించి, దాని స్వభావమును మార్చి, పెట్టె ప్రక్కకు జేర్చిన ఫలమిది. ఈ స్వల్పమైన మార్పు లోకమంతట నెలకొనుటకు డెబ్బదియేండ్లకు మించి పట్టినది. ఆ కాలమున నెందఱో కూలివారు, అందును ముఖ్యముగా స్త్రీలును బిడ్డలును, దవడలు కుళ్లి బాధపడిరి. ఆ చరిత్రమును మా చదువరుల కెఱిగింపదలచితిమి.

అగ్గిపుల్ల లేని కాలమున నిప్పు పుట్టించుట యెంత ప్రయాసమో మన ముత్తవ్వల నడిగిన జెప్పియుందురు. పొయ్యిలోని నిప్పు నివురుగప్పి కాపాడవలెను; ఆరిపోయినచో పొరుగింటినుండి పిడకమీద నిప్పు తెచ్చుకొనవలెను; లేదా చెకుముకిరాతితో తంటాలు పడవలెను. ఇంగ్లండులో స్టాక్టను పట్టణమున మందులమ్ముకొను జాన్ వాకరు అనునతడు 1827వ సంవత్సరమున గీచి వెలిగించు పుల్లల నమ్మనారంభించెను. వానిలో భాస్వరము లేదు. అవి యొకప్పుడు మండును, ఒకప్పుడు మండవు. 1830వ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సుదేశస్థుడగు షార్లు సోరియా పుల్లకొనయందు తెల్ల భాస్వరమును జేర్చెను. అప్పటినుండి పుల్ల యెచట గీచిన నచట భగ్గున మండసాగెను. కొలది యేండ్లలో నైరోపాఖండమంతట కర్మాగారములు వెలసినవి. ధర చౌక, బీదవాని గుడిసెకు గూడ నగ్గిపెట్టె చేరెను. ఇది గొప్ప యుపకారమనుటలో సందేహము లేదు.

అయితే తెల్ల భాస్వర మెట్టిదో చూడుడు. పశువుల యెముకలను గాల్చిన బూడిదనుండి దానిని దీయుచుండిరి. మైనమువలె మెత్తగ నుండును, చీకటిలో మినుకుమినుకుమనును, వెల్లుల్లి వాసన గొట్టును, గాలి తగిలిన చాలును, పొగలు గ్రక్కును. కర్మాగారములో దీనిని జిగురుతోను ఇతర ద్రవ్యములతోను గలిపి వేడిచేసి ముద్దగా జేయుదురు. పుల్లల కట్టలను ఆ ముద్దలో ముంచి యార్చుదురు. ఆఱిన పిదప స్త్రీలును బాలికలును వానిని కత్తిరించి పెట్టెలలో నింపుదురు. గదులు మూసియుండును, ఆవిరి యంతయు లోననే తిరుగుచుండును. కూలివాండ్రు తెచ్చుకొన్న రొట్టెను ఆ బల్లలయొద్దనే, ఆ చేతులతోనే తినుచుండిరి. రాత్రి యింటికి బోవునప్పుడు వారి బట్టలు చీకటిలో మెఱయుచుండెడివట.

ఇట్లు కొన్ని నెలలు గాని, కొన్ని యేండ్లు గాని గడచును. ఒకనాడు పంటినొప్పి వచ్చును. పుచ్చిన పన్ను గలవారికే యిది త్వరగా వచ్చునని యనుభవజ్ఞు లనిరి. పన్ను బెఱికించినను పుండు మానదు. చిగురు వాచును, చెంప యుబ్బును, చీము కారును. దుర్గంధమునకు ఇంటివారే దగ్గఱకు రాలేకుందురు. దవడయెముక చచ్చి ముక్కలుగా నూడివచ్చును. కొందఱికి దవడ మొత్తము గోసి తీసివేయవలసి వచ్చెను. కొందఱు మరణించిరి. బ్రదికినవారు ముఖమును గుడ్డతో గప్పుకొని బయటికి వచ్చెడివారు.

వియన్నా నగరపు శస్త్రవైద్యుడగు లోరిన్సరు ఈ వ్యాధిని గుర్తించి, ఇది యగ్గిపుల్లల పనివారికే వచ్చుచున్నదనియు, భాస్వరపు టావిరియే కారణమనియు 1845వ సంవత్సరమున బ్రకటించెను. చిత్రమేమనగా, ఆ దశాబ్దముననే, ఆ నగరముననే ష్రోటరు అను రసాయనశాస్త్రజ్ఞుడు ఎఱ్ఱ భాస్వరమును సిద్ధపఱచెను. ఇది సాధారణ వేడిమికి పొగలు గ్రక్కదు. తెల్లదానివలె విషము గాదు. స్వీడను దేశమున లుండ్‌స్ట్రోము సోదరులు దీనిని పుల్లకు గాక పెట్టె ప్రక్కకు బూసి, 1855వ సంవత్సరమున ప్యారిస్ ప్రదర్శనమునందు బహుమాన మందిరి. నేడు మన చేతులలో నున్నది యా పెట్టెయే. కావున 1855 నాటికే రోగము దెలిసినది, కారణము దెలిసినది, మందును దెలిసినది. అయినను బ్రిటిషు ప్రభుత్వము తెల్ల భాస్వరపు పుల్లలను నిషేధించుట 1910వ సంవత్సరమున గాని యమలులోనికి రాలేదు. నడుమ నేబదియైదేండ్లు ఏమి జరిగినది?

ధరయు అలవాటును మొదటి కారణము. ఎచటనైన గీచుకొనదగిన పుల్లకు మరగిన జనులు, పెట్టె వెదకికొని గీచుటను కష్టమనుకొనిరి. ఎఱ్ఱ భాస్వరపు పెట్టె కొంచెము ప్రియము గూడను. బ్రయంటు మే కంపెనీవారు లండనులోని బో పేటయందు 1861వ సంవత్సరమున కర్మాగారము బెట్టినది మొదట స్వీడను పద్ధతి పుల్లల కొఱకే. కాని గిరాకి దేనికి గలదో దానినే హెచ్చుగా జేయసాగిరి. యజమానులను మాత్రమే నిందించుట సులభము. కొనువారి యిండ్లలోని యర్ధణా లెక్కను గూడ ఈ చరిత్రమునుండి తొలగింప వలనుపడదు.

రెండవ కారణము లెక్కకు సంబంధించినది. ఇది యంతకంటె ముఖ్యమని మా యభిప్రాయము. యజమాను నడిగిన, తన పట్టీలో రోగు లెవ్వరును లేరనును. అది యబద్ధము గాకపోవచ్చును. దవడ వాచినది పనికి రాదు. పనికి రానిది పట్టీలో నుండదు. కర్మాగారములో నిలిచి లెక్కించువానికి ఆరోగ్యవంతులే కనబడుదురు. రోగులు సందుగొందులలో, అద్దె గదులలో, పండ్ల వైద్యుల పుస్తకములలో నుందురు. అచటికి బోయి వెదకినవారికే సత్యము దెలిసినది. ఇంగ్లండులో 1862వ సంవత్సరమున ప్రివీ కౌన్సిలు పక్షమున డాక్టరు బ్రిస్టో విచారించి నివేదిక వ్రాసెను. దాని తరువాత 1864వ సంవత్సరపు చట్టము ఈ పరిశ్రమకు వర్తించెను గాని, పదార్థమును మాత్రము ముట్టలేదు.

1888వ సంవత్సరపు సమ్మెను గుఱించి మన దేశమున కొందఱు వినియుందురు. ఏలయన దానితో సంబంధము గలది అనీబిసెంటమ్మ. తరువాత నడయారున నివసించి, మదనపల్లె కళాశాలకు మూలమై, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలైన యా యమ్మయే అప్పటి లండనులో చిన్న వారపత్రిక నడపుచుండెను. బ్రయంటు మే కర్మాగారపు బాలికల కూలిని, కాళ్లు మురికియైనను మాటలాడినను విధించు జరిమానాలను, వాటాదారులు పొందిన నూటికి ఇరువదిమూడు లాభమును ఒకచోట జేర్చి, ఆ సంవత్సరము జూను నెలలో వ్యాసము వ్రాసెను. యజమానులు ఆ వ్రాత యబద్ధమని సంతకములు చేయుడని కూలివారిని నిర్బంధించిరి. వారు చేయలేదు. జూలై మొదటి వారమున సుమారు పదునాలుగు వందలమంది పని మానిరి. సమ్మెకు బిసెంటమ్మయే కారణమని యందఱును వ్రాయుదురు గాని, ఆమె మొదట కోరినది కొనువారు ఆ పుల్లలను మానుకొనవలెనని మాత్రమే. పని మానినవారు ఆ స్త్రీలే. ఇటీవలి చరిత్రకారులు దీనిని స్పష్టపఱచిరి.

సమ్మె గెలిచెను. జరిమానాలు పోయినవి. భోజనమునకు వేఱు గది యిచ్చుటకు యజమానులు సమ్మతించిరి. ఇది చిన్న విషయముగా దోచును గాని, విషముంటిన బల్లమీద నన్నము దినకుండుట ప్రాణరక్షణమే. అయినను తెల్ల భాస్వరము మాత్రము పోలేదు. సమ్మెతో రోగమంతరించినదను మాట ప్రచారములో గలదు. అది నిజము గాదు.

1891వ సంవత్సరమున రక్షణ సైన్యమువారు లండనుననే ఎఱ్ఱ భాస్వరముతో పుల్లలు చేయు కర్మాగారము స్థాపించి, పెట్టెలు చేయువారికి ఇతరులకంటె హెచ్చుగా గ్రోసునకు నాలుగు పెన్నీ లిచ్చిరి. పత్రికలవారిని, పార్లమెంటు సభ్యులను దోడ్కొనివచ్చి చూపిరి. అందఱును మెచ్చుకొనిరి. మెచ్చుకొన్నంతగా కొనలేదు. పదియేండ్లకు కర్మాగారము వారి చేయి జాఱెను.

చివరకు పనిజేసినది ప్రకటించి తీఱవలెనను నియమము. 1895వ సంవత్సరపు కర్మాగార చట్టముచే భాస్వరవిషరోగమును ప్రభుత్వమునకు దెలుపుట విధియయ్యెను. మూడేండ్లకు బ్రయంటు మే వారు పదునేడు రోగములను దాచిరని నేర మారోపింపబడి, ఇరువదియైదు పౌనుల తొమ్మిది షిల్లింగులు జరిమానా చెల్లించిరి. జరిమానా హాస్యాస్పదమే. కాని దాచినది బయటబడెను. ఆ 1898వ సంవత్సరముననే ఫ్రాన్సులో సెవీను, కాహెను అనువారు భాస్వరమును గంధకముతో జేర్చిన సెస్క్విసల్ఫైడు అను పదార్థముచే, ఎచటనైన గీచినను మండునట్టి, దవడకు హాని చేయని పుల్లను సిద్ధపఱచిరి. ఇక నలవాటు సాకును బోయెను. ఫిన్లండు 1872లోను, డెన్మార్కు 1874లోను ముందే నిషేధించియుండెను. 1906వ సంవత్సరమున బెర్ను నగరమున ఏడు దేశములు ఒడంబడిక చేసికొనెను. ఇంగ్లండు అప్పుడు చేరక, 1908లో చట్టము చేసెను.

అమెరికాలో యజమానులు తమ దేశమున ఈ రోగమే లేదనిరి. జాన్ ఆండ్రూసు అనునతడు కర్మాగారముల చుట్టుపట్ల విచారించి, నూటయేబదికి పైగా రోగుల వివరములు సేకరించి 1910లో బ్రకటించెను. వ్యాపారమును సూటిగా నిషేధించు నధికారము కేంద్రప్రభుత్వమునకు సందేహాస్పదమగుటచే, వారు 1912లో నూఱు పుల్లలకు రెండు సెంట్లు పన్ను వేసిరి. పుల్లల ధరకంటె పన్నే యెక్కువ. తయారు చేయువాడు లేకపోయెను.

హిందూదేశపు శాసనసభ 1913వ సంవత్సరమున తెల్ల భాస్వరపు పుల్లల దిగుమతిని, తయారును, విక్రయమును నిషేధించుచు నైదవ చట్టమును జేసెను. అప్పటికి మన దేశమున నగ్గిపెట్టెల పరిశ్రమ మిక్కిలి చిన్నది; పెట్టెలు పెక్కు విదేశములనుండియే వచ్చుచుండెను. కావున మనయిండ్లలో వెలిగిన పుల్లలకు చెల్లిన మూల్యము ఇతర దేశముల కూలివారిదే యని చెప్పవలెను.

వైద్యులు ఈ రోగమును దాదాపు మఱచిపోయిరి. 2003వ సంవత్సరమున మియామీ నగరపు దంతశస్త్రవైద్యుడు రాబర్టు మార్క్సు ముప్పదియాఱుగురు రోగులను గుఱించి వ్రాసెను. క్యాన్సరు మొదలగు వ్యాధులకు యెముక చెడకుండ నిచ్చు బిస్ఫాస్ఫొనేటులను మందులు పుచ్చుకొన్నవారి దవడయెముకలు బయటపడి, పుండు మానకున్నవి. ఆ మందులును భాస్వరముతో గూడినవే. వైద్యులు పాత పుస్తకములు దెఱచిచూడగా, లోరిన్సరు మొదలగువారు వర్ణించిన లక్షణములకును వీనికిని మిక్కిలి పోలిక గనబడెను. ఆ మందు మొదలుపెట్టుటకు ముందు పుచ్చిన పండ్లను జూపించుకొని బాగుచేయించుకొనవలెనని నేటి వైద్యులు రోగులకు జెప్పుచున్నారు. పంటిని పరీక్షించిన పిదపనే కూలిని పనిలో బెట్టవలెనని ఇంగ్లండు కర్మాగారముల కడపటి నియమములలో గూడ నుండెను.