ట్యాక్సీ ఇంజన్ నుంచి రేసు ఇంజన్ దాకా: షోలవరం రోజుల పనితనం

కోయంబత్తూరు తెలుగువాళ్ల చరిత్ర అనగానే మిల్లులు, పంపులు, బస్సు సర్వీసులు, సత్రాలు గుర్తుకొస్తాయి. ఇంతకుముందు మేము రాసినవీ ఎక్కువగా వాటి గురించే. ఈసారి కాస్త మోత చేసే విషయం. రోడ్డు మీద నెమ్మదిగా తిరిగే చిన్న 4 సిలిండర్ల ఇంజన్‌ను విప్పి, రేసు ట్రాక్ మీద గిర్రున తిరిగేలా మళ్లీ కట్టిన పనితనం గురించి. కొంచెం లెక్కలున్నాయి, ఓపికగా చదవండి.

మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే ఒకటి ఉండేది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1950లలో మొదలయ్యాక దక్షిణాది రేసులకు అదే ప్రధాన వేదిక అయింది. పొడవాటి కాంక్రీటు దారి, చివర గట్టి మలుపు. ఇంజన్ బలాబలాలు దాచుకోవడానికి వీల్లేని చోటు. డబ్బున్న కొద్దిమంది విదేశీ కార్లు తెచ్చుకున్నారు. దిగుమతి ఆంక్షలున్న ఆ రోజుల్లో మిగతావాళ్లకు దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ కార్లే. వాటిలో ముఖ్యమైనది ఫియట్ 1100. తరవాత అదే ప్రీమియర్ పద్మిని అయింది. బొంబాయిలో నలుపు పసుపు ట్యాక్సీగా అందరూ ఎక్కిన కారే!

దాని ఇంజన్ 1089 సీసీ. సిలిండరు బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు. క్రాంక్ షాఫ్టును పట్టుకునే మెయిన్ బేరింగులు మూడే. ట్యాక్సీ డ్రైవరుకు నిమిషానికి 5 వేల చుట్లు దాటించే పని లేదు. రేసుకు 7 వేలు కావాలంటేనే చిక్కంతా.

5 వేల నుంచి 7 వేలంటే పైకి చూస్తే నలభై శాతమే ఎక్కువ. కానీ పిస్టన్‌ను ఆపి వెనక్కి లాగే బలం చుట్ల వర్గంతో పెరుగుతుంది, అంటే దాదాపు రెట్టింపు. 7 వేల చుట్ల దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకు 233 సార్లు పైనో కిందో ఆగి తిరగాలి. ఆ కొసన దాని మీద పడే ఒత్తిడి దాని సొంత బరువుకు 2 వేల రెట్ల పైమాటే. పిస్టన్ 300 గ్రాములే అనుకున్నా, 100 కిలోల బియ్యం బస్తాలు ఆరు ఒక్కసారి కనెక్టింగ్ రాడ్డుకు వేలాడినట్టు లెక్క. వాటిని మోసేది రాడ్డు కింద ఉన్న రెండు బోల్టులు. రేసు ఇంజన్లలో రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి రావడం విన్నవాళ్లకు ఇప్పుడు కారణం అర్థమై ఉంటుంది. చాలాసార్లు తప్పు పెట్రోలుదో డ్రైవరుదో కాదు, పాత బోల్టునే మళ్లీ బిగించడం.

అందుకే పని హార్స్‌పవర్‌తో మొదలుకాదు, తూకంతో మొదలవుతుంది. నాలుగు పిస్టన్లనూ తూచి, అన్నిటికన్నా తేలికైన దాని బరువుకు మిగతా మూడింటినీ లోపలివైపు గీకి తెస్తారు. దీనికి బంగారం తూచే త్రాసు ఉంటే చాలు. రాడ్ల సంగతి ఇంకా ఓపికతో కూడింది. మొత్తం బరువు సరిపోతే సరిపోదు. పెద్ద చివర గుండ్రంగా తిరుగుతుంది, చిన్న చివర పైకీ కిందికీ ఆడుతుంది, కాబట్టి ఏ చివరకు ఆ చివర విడిగా తూగాలి. ఒక చివర దారానికి కట్టి, రాడ్డును మట్టసంగా ఉంచి, రెండో చివరను త్రాసు మీద ఆనిస్తారు. ఆ పైన రాడ్డు అంచుల మీది గరుకును ఆకురాయితో నున్నగా తీస్తారు. ఇది అందం కోసం కాదు. పగులు మొదలయ్యేది ఆ గరుకు దగ్గరే.

తరవాత క్రాంకు. మూడు బేరింగుల మధ్య నాలుగు పిస్టన్లు అంటే, ఒక్కో బేరింగు జతకు నడుమ రెండేసి పిస్టన్లు వేలాడుతున్నాయి. వేగం పెరిగేకొద్దీ క్రాంకు నడుము వంగుతుంది. దాన్ని గ్రైండ్ చేసి, నూనె రంధ్రాల అంచులు మొద్దుచేసి, ఫ్లైవీలు కొంత తేలిక చేసి, రెండింటినీ కలిపి బ్యాలెన్స్ చేయాలి. బేరింగులో వదలాల్సిన సందుకు పాత టర్నర్ల లెక్క ఒకటుంది: జర్నల్ అంగుళం ఉంటే ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు. రేసుకైతే ఇంకాస్త వదులు. బిగువుగా పెడితే నూనె పొర చిరిగి బేరింగు పట్టేస్తుంది, మరీ వదిలితే నూనె ఒత్తిడి పడిపోతుంది.

హెడ్డు పని జనం ఎక్కువగా చెప్పుకునేది. ఒక్కో సిలిండరు 272 సీసీ. కంప్రెషన్ 8 నుంచి 10కి పెరగాలంటే పైన మండే గది 39 సీసీ నుంచి 30కి తగ్గాలి. తేడా రెండు టీస్పూన్లు కూడా లేదు. హెడ్డు అడుగు కాస్త కోసి, ప్రతి గదిలో బ్యూరెట్‌తో నూనె పోసి కొలిచి, నాలుగూ సమానమయ్యేదాకా సరిచేస్తారు. అత్యాశకు పోయి ఇంకా కోస్తే ఇంజన్ నాకింగ్ మొదలుపెట్టి పిస్టన్ తలనే తినేస్తుంది. వాల్వు స్ప్రింగుల మాట కూడా చెప్పాలి. 7 వేల చుట్లకు ఒక్కో వాల్వు సెకనుకు 58 సార్లు తెరిచి మూయాలి. స్ప్రింగు మెత్తగా ఉంటే వాల్వు క్యామ్‌ను వదిలేసి తేలిపోతుంది, పిస్టన్ వచ్చి దాన్ని కొడుతుంది. స్ప్రింగు మరీ గట్టిదైతే క్యామ్ అరుగుతుంది. రెండింటి మధ్య సరైన చోటు పట్టుకున్నవాడే మెకానిక్.

ఇదంతా కోయంబత్తూరులో చేతనవడానికి కారణం ఉంది. జి.డి. నాయుడు గారు కుర్రతనంలో రడ్జ్ మోటారు సైకిలు కొని విప్పి బిగించిన కథ మన పిల్లలందరికీ తెలుసు. 1920లో బస్సుతో మొదలైన ఆయన రవాణా వ్యాపారం, దాని వెంట పెరిగిన వర్క్‌షాపులు ఈ ఊరికి ఇంజన్ విప్పే అలవాటు నేర్పాయి. 1930లలో పైకారా కరెంటు వచ్చింది. మిల్లులు, వాటి విడిభాగాలకు లేతులు, బావులకు పంపులు, పంపులకు ఫౌండ్రీలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. ఇక్కడి తమిళులు పట్టరై అనేదీ మన పట్టడ అనేదీ ఒకే మాట, ఒకే పని. ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోలేదని మా అభిప్రాయం: ఆ రోజుల్లో నూలు మిల్లు స్పిండిలు నిమిషానికి 10 వేల చుట్ల దగ్గర తిరిగేది. కాస్త బ్యాలెన్స్ తప్పినా దారం తెగుతుంది. అలాంటి యంత్రాలతో బతికిన ఊరికి 7 వేల చుట్లు భయపెట్టే అంకె కాదు.

లక్ష్మీ మిల్స్ కుప్పుస్వామి నాయుడు గారి కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ గారు షోలవరంలో పరుగెత్తిన మనవాడే. మారుతి 800 ఇంజన్‌తో చవకగా ఫార్ములా కార్లు తయారుచేసి, డబ్బు లేని కుర్రాళ్లకూ రేసు అందేలా చేశారు. ఆ ఇంజన్‌కు మూడే సిలిండర్లు. మారుతి రాకతో ఫియట్ ఇంజన్ల కాలం ముగిసింది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చాక షోలవరం కూడా మూగబోయింది. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయం ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

యజమానుల పేర్లు మిల్లు గేట్ల మీద, డ్రైవర్ల పేర్లు ట్రోఫీల మీద ఉన్నాయి. క్రాంకు గ్రైండ్ చేసినవాళ్ల పేర్లు పాత బిల్లు పుస్తకాల్లో, థౌ లెక్కలు రాసుకున్న నూనె మరకల నోటుపుస్తకాల్లో ఉంటాయి. ఆ కాగితాలు ఇల్లు మారినప్పుడల్లా పాత కాగితాలవాడికి పోతున్నాయి. మీ ఇళ్లలో అటువంటివి ఉంటే పారేయకండి. సంఘం కార్యాలయానికి తెస్తే ఫోటోలు తీసుకుని అసలువి మీకే తిరిగి ఇస్తాం. మీ తాతయ్యో మామయ్యో ఆ పట్టడల్లో పనిచేసి ఉంటే కబురు పెట్టండి, మేమే ఇంటికొచ్చి కూర్చుని రాసుకుంటాం. తెలుగులో చెప్పినా, తమిళం కలిపి చెప్పినా పరవాలేదు.