ఒడిశా తీరమున తెలుగు తెప్ప

ప్రవాసాంధ్రుల చరిత్ర అనగానే మనకు రైల్వే కాలనీలు, కచేరీ ఉద్యోగములు, తెలుగు బడులు, భజన మందిరములు, నాటక సమాజములు జ్ఞప్తికి వస్తాయి. అది సహజమే. కాని ఒడిశాకు కలము పట్టిన తెలుగువారితో పాటు తెడ్డు పట్టిన తెలుగువారును వచ్చారు. పూరీలోని పెంటకోట నుండి గంజాం జిల్లాలోని గోపాలపురము, ఆర్జిపల్లి వరకు ఇసుక తిన్నెల మీద కాపురమున్న అనేక జాలరి కుటుంబములలో ఇంటి భాష నేటికిని తెలుగే. ఒడియా సోదరులు వీరిని నోలియాలని పిలుస్తారు. వీరిలో వాడబలిజలు, జాలరులు ముఖ్యులు. ఆంధ్రదేశములో అనకాపల్లి జిల్లా సముద్రతీరమునను ఒక పెంటకోట ఉన్నది. ఊరి పేరు వినగానే ఏ దిక్కు గాలి ఇక్కడకు వీచినదో పోల్చుకొనవచ్చును.

ఈ ఉగాది సంచికలో మేము వారి పడవలను గురించి, అంతకంటె ముఖ్యముగా ఆ పడవలను వారు కాపాడుకొనిన విధమును గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. పడవ కట్టినవాడి పేరు ఎక్కడనో ఒకచోట మిగులుతుంది. ప్రతి దినము దానిని ఆరబెట్టి, తాడు మార్చి, అతుకు వేసి నిలిపినవాడి పేరు ఏ పుస్తకమునకును ఎక్కదు. ఈ తీరమున తెలుగువాని బ్రతుకు నిలిచినది ఆ రెండవ పని మీదనే.

ముందుగా ఈ తీరము స్వభావము తెలియవలెను. గంజాం, పూరీ తీరములలో పెద్ద ఓడలు నిలుచుటకు సహజమైన రేవులు లేవు. ఒడ్డున ఇసుక, ఆ వెంటనే వరుసగా విరిగిపడే కెరటములు. చిలకా సరస్సులోను, నదీముఖములందును హాయిగా సాగే నావ ఈ కెరటములలో నిమిషము నిలువదు. అడుగు ఇసుకకు తగిలి పగిలిపోతుంది. ఒడియా జాలరులు అనాదిగా సరస్సునందు, నదులందు నేర్పరులు. కెరటము దాటి నడిసముద్రము పోవు విద్య ఈ దక్షిణ ఒడిశా తీరమున ప్రధానముగా తెలుగు జాలరులది. ఆ విద్యకు వారి చేతిలోని సాధనములు రెండు. ఒకటి తెప్ప, రెండవది కుట్టు పడవ.

తెప్ప అతి ప్రాచీనమైనది. క్రీ. శ. 1వ శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అను గ్రంథములో మన తూర్పు తీరమున మ్రానులను జతగా కట్టిన ఓడలు ఉన్నట్లు చెప్పబడినది. దీనినే తమిళులు కట్టుమరము అన్నారు. ఆంగ్లేయుల నోట అది కాటమరాన్ అయి, నేడు లోకమంతటను వ్యాపించినది.

తేలిక జాతి దుంగలను చెక్కి, ప్రక్క ప్రక్కన చేర్చి, తాళ్ళతో బిగించితే తెప్ప అవుతుంది. దానికి లోపలి గది లేదు. కెరటము మీద పడిన నీరు దుంగల సందులలో నుండి దిగిపోతుంది. కనుక నీరు నిండి మునుగుట అనే భయము లేదు. బోల్తాపడినను మరల తిప్పి ఎక్కవచ్చును. అయితే దీనికి ఒక శత్రువు ఉన్నది. అది నీరే. తేలిక కొయ్య నీరు పీల్చుతుంది. పీల్చిన కొద్దీ బరువెక్కి నీటిలోనికి దిగిపోతుంది. తడిసిన కొయ్యలో పురుగు చేరి తొలుస్తుంది.

అందుచేత వేట ముగించి ఒడ్డుకు రాగానే తెప్పను అట్లే వదలివేయుట లేదు. కట్టు విప్పుతారు. భాగములుగా విడదీసి, భుజముల మీద కెరటములకు అందనంత ఎత్తుకు మోసుకొనిపోయి, ఇసుక మీద ఎండబెడతారు. పూరీ ఒడ్డున ఈ దృశ్యము చూచిన యాత్రికులు పడవ విరిగిపోయినదని జాలిపడుటయు కద్దు. అది విరుగుట కాదు, విశ్రాంతి. మరునాడు మరల జతపరచి కట్టునప్పుడు ప్రతి దుంగను, ప్రతి తాడును చేయి తడిమి చూచినట్లే అవుతుంది. పరీక్ష అనే పేరు పెట్టకుండానే దినదినము పరీక్ష జరుగుతుంది. ఒక దుంగ చెడితే ఆ ఒక్క దుంగను మారుస్తారు. తెప్ప మాత్రము అదే తెప్ప.

ఇక కుట్టు పడవ సంగతి. మామిడి పలకలను అంచుకు అంచు చేర్చి, సందున గడ్డియో కొబ్బరి పీచో పెట్టి, కొబ్బరి తాటితో కుడతారు. ఇనుప మేకు ఉండదు. లోపల ప్రక్కటెముకల వంటి కొయ్యలును ఉండవు. దొరలు దీనిని మసూలా పడవ అన్నారు. మేకులు కొట్టిన బిరుసు పడవ ఇసుకకు కొట్టుకొనినప్పుడు పగులుతుంది. కుట్టు పడవ కొంచెము వంగి, కొంచెము సాగి దెబ్బను ఓర్చుకొంటుంది. దానికి చెల్లించవలసిన వెల కూడ ఉన్నది. కుట్ల వద్ద నీరు ఊరుతూనే ఉంటుంది. కనుక ఒకడు తోడుతూనే ఉండవలెను. తాడు ఉప్పునీటికి కుళ్ళుతుంది. కనుక కుట్లు విప్పి, పలకలు ఆరబెట్టి, క్రొత్త తాటితో మరల కుట్టవలెను. గుడ్డ చినిగితే దర్జీ కుట్టినట్లు, పడవకును కుట్టు పని తప్పదు.

ఒకప్పుడు ఈ పడవల గౌరవము ఎక్కువ. చెన్నపట్టణములో ఓడరేవు పని 1875 ప్రాంతమున ఆరంభమైనది. 1881 తుపాను ఆ గోడలను కూల్చివేసినది. రేవు కుదుటపడువరకు గవర్నరు అయినను, గుమాస్తా అయినను ఓడ దిగి ఒడ్డు చేరవలెనంటే కుట్టు పడవే శరణ్యము. గోపాలపురములోను అదే రీతి. రంగూను పోవు స్టీమర్లు దూరమున లంగరు వేసేవి. గంజాం, శ్రీకాకుళం ప్రాంతముల నుండి పొట్ట చేతపట్టుకొని బర్మా పోయిన కూలీలను ఒడ్డు నుండి స్టీమరు వరకు దాటించినవి ఈ పడవలే. 1933లో విశాఖపట్టణమున ఓడరేవు తెరవబడినది. రేవులు వచ్చిన చోట కుట్టు పడవకు ప్రయాణికుల పని పోయి, ఒడ్డు నుండి లాగే అలివి వలకు మాత్రము పని మిగిలినది.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు చెన్నరాజధానిలోనిదే. కాబట్టి కళింగపట్నము నుండి గోపాలపురము వచ్చిన జాలరి పరాయి రాష్ట్రమునకు వచ్చినవాడు కాడు. చేపల వెంట ఒడ్డు వెంబడి నడచి వచ్చినాడు, అంతే. తరువాత సరిహద్దు గీత అతని తల మీదుగా జరిగినది. పూరీ కథ వేరు. 1897 ఫిబ్రవరిలో ఖుర్దారోడ్డు నుండి పూరీకి రైలు వచ్చిన తరువాత యాత్రికుల రాక పెరిగినది. చేపలను దూరపు బజారులకు పంపుటకు దారి ఏర్పడినది. సముద్రస్నానమునకు వచ్చిన వారిని చేయి పట్టుకొని కెరటములలో నిలిపే పని నోలియాలకు దక్కినది. మొనదేలిన టోపీ పెట్టిన నోలియాను నమ్మి తమ పిల్లలను సముద్రములోనికి పంపిన తల్లిదండ్రులు ఎందరో!

వలల సంగతి చెప్పకుంటే ఈ కథ సగమే. పూర్వము వలలు నూలుతోను, జనుపనారతోను అల్లేవారు. నూలు వల తడిసి ముద్దగా పడియుంటే కొలది దినములలోనే చీకిపోతుంది. దానికి మందు, వగరు గల బెరడునో చింతగింజలనో ఉడికించి ఆ కషాయములో వలను నానబెట్టుట. రంగు ముదిరేది, దారము గట్టిపడేది. వేట నుండి రాగానే వల కడుగుట, గడల మీద ఆరవేయుట, తెగిన కన్నులను అల్లుట, ఇదంతయు ఇంటిల్లిపాది పని. పై అంచుకు తేలుటకు బెండ్లు, క్రింది అంచుకు మునుగుటకు మట్టిగుళ్ళు కట్టేవారు. అంతయు చుట్టుప్రక్కల దొరికే సరకే.

1960ల నుండి నైలాను వలలు క్రమముగా వ్యాపించినవి. నైలాను కుళ్ళదు. కషాయము అక్కరలేదు. జాలరికి ఎంతో శ్రమ తగ్గినది. కాని ఏ ఎండ నూలు వలను కాపాడినదో అదే ఎండ నైలానుకు శత్రువు. ఎండలో పడియున్న నైలాను వల బలము తగ్గి తెగుతుంది. నున్నని దారము కనుక పాత ముడి జారుతుంది, రెండు చుట్ల ముడి వేయవలెను. సరకు మారినప్పుడు విద్యయు మారవలసి వచ్చినది. చదువు లేనివారని మనము అనుకొనే వారు ఈ మార్పును తమ చేతులతోనే నేర్చుకొన్నారు.

తరువాత ఫైబరు పడవ వచ్చినది. 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమము కెరటములలో దిగగల క్రొత్త పడవలను ప్రయత్నించి చూచినది. క్రమముగా ఫైబరు తెప్పలు, వెనుక మోటార్లు వచ్చి, కొయ్య తెప్పలు తగ్గినవి. 1999 అక్టోబరు పెను తుపాను, 2013 అక్టోబరు ఫైలిన్, 2019 మే 3న పూరీ వద్ద తీరము దాటిన ఫణి, ఒక్కొక్కటి ఎన్నో పడవలను, వలలను మింగినవి. ప్రతిసారియు ఈ ఒడ్డున మొదట వినవచ్చినది అతుకులు వేయు చప్పుడే.

విచిత్రమేమన, ఫైబరు పడవకును పాత తెప్ప నీతియే వర్తిస్తుంది. పగులు పడిన చోట గరుకు కాగితముతో రుద్ది, మంచినీటితో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరనిచ్చిన పిమ్మటనే అతుకు వేయవలెను. తడి మీద వేసిన అతుకు నిలువదు. మోటారును వేట ముగిసిన వెంటనే మంచినీటితో కడగవలెను. ఉప్పు ఇనుమును తినకుండ ఆగదు. తాడు తెగిన తరువాత కాక, చీకినదని తోచినప్పుడే మార్చవలెను.

మన కుటుంబములలోని యువకులు సెలవుదినములలో చిలకాకో, గోపాలపురమునకో గాలములు పట్టుకొని సరదాకు పోవుట ఈ మధ్య ఎక్కువైనది. వారికి ఇదియే మంచి పాఠము. ఇంటికి రాగానే గాలపు ముల్లును, చక్రమును మంచినీటితో కడిగి తుడిచి, ఆరిన తరువాతనే పెట్టెలో పెట్టవలెను. దారమును ఎండలో వ్రేలాడదీయరాదు. మొద్దుబారిన ముల్లును ఆకురాయితో పదును చేయవలెను. అద్దె పడవ ఎక్కేముందు అడుగున నీరు ఊరుచున్నదా, తోడుటకు డబ్బా ఉన్నదా, ఎందరు మనుషులున్నారో అన్ని తేలు చొక్కాలున్నవా అని చూడవలెను. సముద్రము రంగు బాగులేదని ఒడ్డునున్న జాలరి చెప్పితే, రైలు టికెట్టు ఖర్చు తలచుకొనక వెనుకకు మరలవలెను.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఆ నియమము. మన ఉగాది వెళ్ళిన కొలది దినములకే అది వస్తుంది. సంపాదన లేని ఆ రెండు నెలలు మరపడవల జాలరి ఇంట కష్టకాలమే అయినను, వలలు బాగుచేయుటకు, పడవలకు అతుకులు వేయుటకు అదే అదను. మనకు పంచాంగ శ్రవణముతో క్రొత్త సంవత్సరము మొదలైతే, వారికి సూదితోను దారముతోను మొదలవుతుంది.

కొయ్య తెప్ప కట్టిన చేతులు ఇప్పుడు ముసలివైనవి. ఏ కట్టుకు ఏ పేరు, ఏ గాలికి ఏ పేరు, వలలో ఏ భాగమునకు ఏ పేరు, ఆ తెలుగు మాటలు వారి నోటనే ఉన్నవి. పిల్లలు ఒడియా బడిలో చదువుచున్నారు. ఫైబరు పడవకు ఆ మాటలతో పని లేదు. తెప్ప పోయిన తరువాత మాట ఎంతకాలము నిలుచును?

కనుక మన సంఘమునకు మాది ఒక విన్నపము. ఈ సంవత్సరము వేట నిషేధ దినములలో, వారికి తీరిక ఉన్నప్పుడు, మన యువకులు నలుగురు పెంటకోటకును గోపాలపురమునకును పోయి, పెద్దలను మర్యాదగా అడిగి, ఆ మాటలను, ఆ పనులను ఒక పుస్తకములో ఎక్కించవలెను. వచ్చే ఉగాది సభకు ఆ పెద్దలను పిలిచి, వేదిక మీద కూర్చుండబెట్టి, వారి నోట వినవలెను. వారు చేపలు తెచ్చి అమ్మువారు మాత్రమే కారు, ఈ నేల మీద తెలుగు పలుకును ఉప్పుగాలిలో నిలిపినవారు. పడవకు వలెనే భాషకును ఏటేట అతుకు వేయుట అవసరము.