చెరిపి రాయలేని చోట చిట్టా

ఫ్లాష్ మెమరీకి వేరే ఫైల్ సిస్టంలు కావలసి రావడానికి మూలం ఆ చిప్ స్వభావంలోనే ఉంది. తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1984లో వెల్లడించిన ఈ మెమరీ, కరెంటు లేకపోయినా రాసినదాన్ని నిలుపుకుంటుంది. కానీ రాసిన చోటనే మళ్లీ రాయనివ్వదు. ఖాళీ చిప్‌లో బిట్లన్నీ 1లే. రాయడమంటే వాటిలో కొన్నింటిని 0 చేయడం. ఆ 0ని తిరిగి 1 చేయాలంటే ఒక్క బిట్‌తో పని కాదు, బ్లాక్ మొత్తాన్ని చెరపాలి. తాటాకు మీద గంటంతో రాసినట్టే: ఇంకో గీత చేర్చవచ్చు, గీసిన గీతను పూడ్చలేం. 1990ల చివరి నాటి నాండ్ రకం చిప్‌లలో రాయడం 512 బైట్ల పేజీ లెక్కన జరిగేది, చెరపడం మాత్రం 32 పేజీల బ్లాక్ లెక్కన. పైగా ఒక్కో బ్లాక్ సుమారు లక్షసార్లు చెరిపేసరికి అరిగిపోయేది.

అప్పటికి వాడుకలో ఉన్న ఫైల్ సిస్టంలలో ఈ జాగ్రత్త ఎక్కడా లేదు. మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ 1977లో రాసిన ఫ్యాట్ పద్ధతిలో ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక డిస్కులో ఒకే చోట ఉంటుంది. ఫైల్ పెరిగిన ప్రతిసారీ ఆ పట్టికను దిద్దాలి. ఫ్లాపీకి అది ఇబ్బంది కాదు. ఫ్లాష్‌లో మాత్రం మిగతా చిప్ కొత్తగా ఉండగానే పట్టిక ఉన్న బ్లాక్ అరిగిపోతుంది. చెరపడానికీ తిరిగి రాయడానికీ మధ్య కరెంటు పోతే పట్టికే ఉండదు.

దీనికి రెండు దారులు తేలాయి. మొదటిది చిప్ గుణాన్ని దాచేయడం: మధ్యలో ఒక అనువాద పొర నిలబడి, పై నుంచి చూసేవాళ్లకు ఫ్లాష్‌ను మామూలు డిస్కులా చూపిస్తుంది. ఇజ్రాయెల్ సంస్థ ఎం-సిస్టమ్స్‌లో అమీర్ బాన్ రూపొందించిన ఇలాంటి పొరకు 1995లో అమెరికా పేటెంటు వచ్చింది. రెండోది చిప్ గుణాన్ని ఒప్పుకుని, దానికి తగ్గ ఫైల్ సిస్టం రాసుకోవడం.

ఆ రెండో దారికి విత్తనం వేరే పొలంలో దొరికింది. బర్కిలీ విశ్వవిద్యాలయంలో మెండెల్ రోజెన్‌బ్లమ్, జాన్ ఔస్టర్‌హౌట్ 1991లో ప్రకటించిన పరిశోధనకు ఫ్లాష్‌తో సంబంధమే లేదు. డిస్కులో తల అటూ ఇటూ పరుగులు పెట్టకుండా ఉండాలన్నదే వాళ్ల బాధ. అందుకని పాతదాన్ని దిద్దడం మానేసి, ప్రతి మార్పునూ వరసగా చివర చేర్చుకుంటూ పోయారు. మన షావుకార్ల లెక్కలో చెప్పాలంటే అది చిట్టా. ఏ రోజు పద్దు ఆ రోజు కింద రాసుకుంటూ పోవడమే, కొట్టివేత ఉండదు. ఎవరి ఖాతా ఎంతో చెప్పేది ఆవర్జా. అది పోయినా చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు.

స్వీడన్‌లోని యాక్సిస్ కమ్యూనికేషన్స్ తన నెట్‌వర్క్ పరికరాల కోసం ఈ చిట్టానే ఫ్లాష్ మీదికి తెచ్చి, 1999లో జెఎఫ్‌ఎఫ్‌ఎస్ పేరుతో లినక్స్‌కు విడుదల చేసింది. చిప్ మొత్తం ఒక గుండ్రని చిట్టా. చివరికి చేరాక మొదటి బ్లాక్‌ను ఖాళీ చేసి మళ్లీ అక్కడి నుంచి రాస్తుంది. ఇబ్బందల్లా, ఎన్నడూ మారని ఫైళ్లు కూడా చక్రం తిరిగినప్పుడల్లా చోటు మారాలి. రెడ్ హ్యాట్‌లో డేవిడ్ వుడ్‌హౌస్ 2001లో రాసిన జెఎఫ్‌ఎఫ్‌ఎస్2 ఆ చక్రాన్ని విడగొట్టింది. చెత్త పేరుకున్న బ్లాక్‌లనే ఎంచి ఊడుస్తుంది. నూటికి ఒకసారి మాత్రం శుభ్రంగా ఉన్న బ్లాక్‌ను కదుపుతుంది, అరుగుదల అన్నిటికీ పంచడానికి.

నాండ్ చిప్‌లకు ఇది సరిపోలేదు. పెద్ద చిప్‌లో చిట్టా అంతా చదివి ఆవర్జా కట్టుకోవడానికి సమయం పట్టేది, ర్యామ్ కూడా ఎక్కువ కావాలి. న్యూజిలాండ్‌కు చెందిన చార్లెస్ మానింగ్ 2002లో యాఫ్స్ రాశాడు. ఈ వరసలో అన్నిటికంటే ముచ్చటైన పని ఇదే. నాండ్‌లో ప్రతి 512 బైట్ల పేజీ పక్కనా 16 బైట్ల అంచు ఉంటుంది. ఈ పేజీ ఏ ఫైల్‌ది, అందులో ఎన్నో ముక్క అన్న సంగతి మానింగ్ ఆ అంచులో రాయించాడు. దాంతోపాటు 2 బిట్ల వరస సంఖ్య ఒకటి. ముక్క మారితే కొత్త పేజీలో ఒక అంకె పెంచి రాస్తారు, ఆ తర్వాతే పాత పేజీని రద్దు చేస్తారు. ఈ రెండింటి మధ్య కరెంటు పోతే ఒకే ముక్కకు రెండు పేజీలు మిగులుతాయి. ఏది కొత్తదో అంకె చెబుతుంది. 3 తర్వాత మళ్లీ 0 వచ్చినా తికమక లేదు, తేడా ఎప్పుడూ ఒకటే కనుక. కరెంటు కోతకు 2 బిట్లతో జవాబు! తొలి ఆండ్రాయిడ్ ఫోన్లు దీని రెండో రూపంతోనే నడిచాయి.

ర్యామ్ లెక్క తప్పితే ఏమవుతుందో 2004 జనవరి 21న అంగారకుడి మీద తేలింది. నాసా రోవర్ స్పిరిట్‌లో 256 మెగాబైట్ల ఫ్లాష్, 128 మెగాబైట్ల ర్యామ్ ఉన్నాయి. ఫైల్ సిస్టం మాత్రం డాస్ వాడిన ఆ ఫ్యాట్ పద్ధతిదే, ఫైళ్ల జాబితా ర్యామ్‌లో పెట్టుకునేది. భూమి నుంచి వెళ్లే దారిలో చేరిన ఫైళ్లతో కలిపి ఆ జాబితా పెరిగి ర్యామ్ చాలక యంత్రం రీబూట్ అయింది. లేచి మళ్లీ అదే జాబితా చదవబోయి మళ్లీ పడింది, అలా 60 సార్లకు పైగా. చివరకు ఇంజినీర్లు ఫ్లాష్ జోలికి పోకుండా యంత్రాన్ని లేపి, ఫైళ్లు తీసేసి, ఫిబ్రవరిలో ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. ఫ్లాష్ చిప్‌లో లోపమేమీ లేదు.

తర్వాతి కాలంలో మొదటి దారిదే పైచేయి అయింది. అనువాద పొర మెమరీ కార్డులోకీ ఫోన్ చిప్‌లోకీ దిగింది. 2010 చివర్లో వచ్చిన నెక్సస్ ఎస్ ఫోన్‌తో ఆండ్రాయిడ్ కూడా మామూలు లినక్స్ ఫైల్ సిస్టం ఎక్స్‌ట్4కు మారింది. చిట్టా పద్ధతి అవసరం చిన్న మైక్రోకంట్రోలర్లలో మిగిలింది. వాటి కోసం ఏఆర్‌ఎం సంస్థ 2017లో లిటిల్‌ఎఫ్‌ఎస్ తెచ్చింది. అందులో ప్రతి డైరెక్టరీకీ రెండు బ్లాక్‌ల జత ఉంటుంది. ఒకటి తిరగరాస్తున్నంతసేపూ రెండోది చెక్కుచెదరదు. చిప్ ఎంత పెద్దదైనా, ఫైళ్లెన్ని ఉన్నా అది వాడే ర్యామ్ పెరగదు.