తాలీంఖానా నుంచి వచ్చిన ఆసనం

బోధన్ దగ్గరి హున్సాలో హోలీ నాడు పిడిగుద్దులాటకు ముందు కుస్తీ పోటీలు జరుగుతాయి. ఆ మల్లులు రోజూ తీసే దండీలను కాస్త దగ్గరగా చూడాలి. అరచేతులు నేలకు ఆనించి, నడుము పైకెత్తి, ఛాతీని నేల తాకీ తాకనట్టు ముందుకు జార్చి, పాము పడగెత్తినట్టు తల లేపుతారు. సూర్యనమస్కారంలోని అధోముఖ శ్వానాసనం, భుజంగాసనం ఆ ఒక్క కదలికలోనే ఉన్నాయి. కానీ పతంజలి దృష్టిలో ఆసనమంటే కదలకుండా, సుఖంగా ఉండటం. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక వివరించినవి 15 ఆసనాలే, అవీ చాలావరకు కూర్చుని వేసేవే. సూర్యనమస్కారాల వరుస అందులో లేదు. దాన్ని 1920లలో వ్యాయామంగా ప్రచారం చేసింది ఔంధ్ రాజా భవన్‌రావు పంత్ ప్రతినిధి. 1930లలో మైసూరు రాజాస్థానంలో యోగా గురువు కృష్ణమాచార్యులు ఆసనాలను అలాంటి వరుసలతో కలిపి నేర్పారు. ఆసనానికి మఠం పుట్టిల్లయితే, మల్లులు కుస్తీ నేర్చే తాలీంఖానా మేనమామ ఇల్లని నా వాదన.

ఈ వరుసలు ఇంత ఇటీవలివైతే ఇదంతా తెల్లవాళ్ల కవాతు చూసి అల్లుకున్నదేనా అని అడగవచ్చు. కాదు. 18వ శతాబ్దపు హఠాభ్యాస పద్ధతి అనే గ్రంథంలో 112 ఆసనాలున్నాయి. మళ్లీ మళ్లీ వంగి లేచే అందులోని గజాసనం దండీకి దగ్గరి చుట్టమే. అంతకన్నా ముందే, 16వ శతాబ్దపు శ్రీశైలం ప్రాకార శిల్పాల్లో సిద్ధులు ఒళ్లు మెలితిప్పి కనిపిస్తారు. ఒంటిని సాధనంగా చేసుకున్న మనుషులు ఈ నేలమీద ఎప్పుడూ ఉన్నారు.

పొద్దస్తమానం చెమటోడ్చే కూలీకి మళ్లీ ఆసనాలెందుకన్న ప్రశ్న ఇంకా గట్టిది. నిజాం షుగర్స్ 1937లో పుట్టిన బోధన్ చుట్టుపక్కల దానికి జవాబు చెరకు తోటలోనే ఉంది. తీపి ఎక్కువుండేది గడ అడుగునే, మోడు బాగా చిగురించాలన్నా నేలబారుగానే నరకాలి. అందుకే కోసేవాళ్ల నడుము గంటల తరబడి ముందుకే వంగి ఉంటుంది. పని ఎంత చేసినా వెన్ను వెనక్కి వాలే అవకాశమే రాదు. బోర్లా పడుకుని మెల్లగా ఛాతీ ఎత్తే భుజంగాసనం ఆ లోటు పూడుస్తుంది. నొప్పి కాలిలోకి జారేవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోవాలి. దీర్ఘకాలిక నడుంనొప్పి మీద వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష, ఏ వ్యాయామమూ చేయనివారికన్నా యోగా చేసినవారికి కొంత మేలు కనిపించిందని చెప్పింది. ఇతర వ్యాయామాలకన్నా యోగా మిన్న అని మాత్రం తేల్చలేదు. దీన్ని యోగాకు తక్కువతనంగా నేను చూడను. మల్లుడి దండీకీ ఆసనానికీ ఉన్న చుట్టరికం అక్కడా కనిపిస్తోంది.