కటపయాది: నాలుగు ఒకట్లు

క, ట, ప, య. ఈ నాలుగు అక్షరాలతో మొదలయ్యే వరుసలు అని కటపయాది మాటకు అర్థం. 'క' నుంచి 'ఝ' దాకా 1 మొదలు 9, 'ఞ' సున్న. 'ట' నుంచి 'ధ' దాకా మళ్లీ 1 మొదలు 9, 'న' సున్న. 'ప' నుంచి 'మ' దాకా 1 మొదలు 5. 'య' నుంచి 'హ' దాకా 1 మొదలు 8. విడిగా నిలిచే అచ్చుకూ సున్నే. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ. పొల్లుకు, అనుస్వారానికి లెక్క లేదు. వచ్చిన అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి. శాస్త్రమంతా ఇంతే. దీన్ని వాడిన గ్రంథాల్లో తెలిసినంతలో పాతది, కేరళ జ్యోతిష్కుడు హరిదత్తుడు 683లో రాసిన గ్రహచార నిబంధనం. గ్రహగణితంలోని పొడుగాటి సంఖ్యలను మాటలుగా మార్చి కంఠస్థం చేయడానికి పనికొచ్చింది.

మనకు ఇది బాగా తెలిసింది సంగీతం వల్ల. ధీరశంకరాభరణంలో 'ధ' 9, 'ర' 2, తిప్పి చదివితే 29. మేచకల్యాణిలో 'మ' 5, 'చ' 6, అంటే 65. శంకరాభరణం, కల్యాణి ఈ సంఖ్యలకు ముందే ఉన్న రాగాలు. 72 మేళకర్తల పట్టికలో వాటి స్థానం గుర్తుండాలని ముందు 'ధీర', 'మేచ' తగిలించారు. మాళవగౌళకు 'మాయా' చేరింది కూడా 15 కోసమే. పేరుకు సంఖ్యను అతికించారు, అందరికీ తెలిసేలా అతికించారు. నియమం తప్పినచోటు కూడా బాహాటంగానే ఉంది: చక్రవాకంలో 'క్ర'కు చివరి హల్లు 'ర'ను తీసుకుంటే 26 వస్తుంది, అది చారుకేశి స్థానం. అందుకే అక్కడ 'క'ను లెక్కపెట్టి 16 చేశారు.

ఈ లెక్కను జ్ఞాపకం కోసం కాక రహస్యం కోసం వాడిన తెలుగువాడు తల్లాప్రగడ సుబ్బారావు. 1856లో కాకినాడలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1890లో, 34 ఏళ్లు నిండకుండానే పోయారు. దివ్యజ్ఞాన సమాజం ఇంకా అడయారుకు రాకముందే, 1881లో దాని పత్రిక 'ది థియోసాఫిస్ట్'లో పన్నెండు రాశుల మీద ఆయన వ్యాసం వచ్చింది. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. అక్షరాలను అంకెలుగా మార్చడం మంత్రశాస్త్ర పద్ధతి అంటారాయన. వేసి చూస్తే అది కటపయాదే. తుల: 'త' 6, 'ల' 3, కనుక 36, అంటే 36 తత్త్వాలు. ధనుస్సు, సంస్కృతంలో ధనుస్: 'ధ' 9, 'న' సున్న, 'స్' పొల్లు, కనుక 9, అంటే నవ ప్రజాపతులు. కర్కాటకాన్ని కర్కటకంగా తీసుకుని నాలుగు ఒకట్లకు నాలుగు గీతలు గీశారు. అవి ప్రణవపు నాలుగు మాత్రలు, పవిత్రమైన చతురక్షరి.

చతురక్షరి అన్నది పడమటి మాట. హీబ్రూలో దేవుడి పేరు నాలుగక్షరాలు. వాటి విలువలు 10, 5, 6, 5, మొత్తం 26. ఆ లెక్కను యూదులు గెమాట్రియా అంటారు. అక్కడ అక్షరమే అంకె. 15 రాయాలంటే 10, 5 అక్షరాలు పక్కపక్కన పెట్టాలి. అవి దేవుడి పేరుకు దగ్గరవుతాయని 9, 6 అక్షరాలతో రాస్తారు. అంత భక్తి ఆ లిపి మీద. యూదుల కబాలానుంచి ఐరోపా మర్మవేత్తలు దీన్ని అందుకున్నారు. 'ది థియోసాఫిస్ట్' నడిపిన బ్లావట్స్కీ పాఠకులకు ఇది పరిచితమైన భాష. సుబ్బారావు మన లెక్కను ఆ భాషలో వినిపించారు.

అయితే ఈ రెంటికీ పెద్ద తేడా ఉంది. గెమాట్రియాలో కూడిక, అక్షరాల క్రమం మారినా మొత్తం మారదు. కటపయాదిలో స్థానవిలువ ఉంది, సున్న ఉంది. చదివే దిక్కు మారితే సంఖ్యే మారిపోతుంది. సుబ్బారావు వ్యాసంలో నన్ను ఆపింది సరిగ్గా ఇదే. తులను కుడినుంచి చదివితేనే 36. ధనుస్సును కుడినుంచి చదివితేనే 9, లేకపోతే 90. కుంభానికొచ్చేసరికి 14 అంటారు, చతుర్దశ భువనాలు అంటారు. 'క' 1, 'భ' 4. అదే నియమంతో అది 41 కావాలి. మకరంలోనైతే 'మ'ను మాత్రమే 5 చేసి, 'కర'ను చేయిగా, భుజంగా వదిలేసి పంచభుజి రాబట్టారు. మొత్తం అక్షరాలు లెక్కపెడితే 215.

ఇక కర్కటకం: క, ర్క, ట, క, నాలుగూ ఒకట్లే. క, ట, ప, య కూడా నాలుగూ ఒకట్లే. కర్కటకంలోని 1111 ప్రణవమైతే, ఈ పద్ధతి పేరులోని 1111 కూడా ప్రణవం కావాలి. ఆ మాట ఎవరూ అనలేదు. క, ట, ప, య తమ తమ వరుసల్లో మొదటివి కాబట్టి వాటికి ఒకటి వచ్చింది, అంతే.

ఇంకో పేరు వేసి చూద్దాం. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు మార్చారు. 'శ్రీ'లో ర 2, వి 4, జ 8, య 1, పు 1, రం 2. తిప్పితే 2,11,842. మొదటి మూడూ 2, 4, 8, రెట్టింపవుతూ పోతాయి. మర్మం వెదికేవాళ్లకు ఇది చాలు. కానీ ప్రభుత్వం ఆ పేరును స్వాతంత్ర్యపోరాట విజయానికి గుర్తుగా పెట్టానంది. కటపయాది ఆ ఆలోచనలోనే లేదు. ధీరశంకరాభరణంలో 29 ఒకరు కావాలని పెట్టింది. శ్రీవిజయపురంలో 2, 4, 8 తమంతట తాము పడ్డవి. ఈ రెంటినీ వేరుచేసి చూడడమే విద్య. కుంభం దగ్గర సుబ్బారావు ఆ రెంటి మధ్య గీత చెరిపేశారని నా అభిప్రాయం. ఆయన ప్రతిభ మీద నాకున్న గౌరవం దీనితో తగ్గదు.

ఆయన కనీసం మన అక్షరాలతో లెక్కించారు. ఇప్పుడు మన ఊళ్లలో న్యూమరాలజీ పేరుతో పిల్లల పేర్లలో ఇంగ్లీషు 'ఏ' ఒకటి ఎక్కువ రాయిస్తున్నారు. అందులో వాడే పట్టికల్లో ఒకటి 1926లో 'బుక్ ఆఫ్ నంబర్స్' రాసిన కీరో ప్రచారం చేసింది. అందులో ఏ అక్షరానికీ 9 ఇవ్వరు, అది పవిత్రమని. తెలుగులో రాస్తే ఆ బిడ్డ పేరు ఎప్పటిలాగే ఉంటుంది. పేరు మార్పించుకోవాలనుకునే తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న అడగాలి: నియమం ఏమిటి, అది అన్ని పేర్లకూ ఒకే దిక్కున నడుస్తుందా?