ఒకే పట్టా, వేర్వేరు పుట్టిళ్లు

సాంఖ్యకశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా, అంటే విద్యార్థులు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అనీ ఎం.స్టాట్ అనీ వ్యవహరించేది, పేరును బట్టి ఎక్కడైనా ఒకటే చదువుగా కనిపించినా, ఆ పట్టాను ఇచ్చే శాఖలు ఒకే మూలం నుంచి పుట్టినవి కావు. విశ్వవిద్యాలయాలలో మొదట సొంత చోటు లేని ఈ శాస్త్రం ఒకచోట వ్యవసాయ కళాశాల నీడలో, మరొకచోట గణితానికి చేరువగా, వేరొకచోట ప్రజారోగ్య అవసరాల మధ్య పెరిగింది. పెరిగిన చోటి అలవాట్లు పాఠ్యప్రణాళికలో నిలిచిపోయాయి. ఏ శాఖకు దరఖాస్తు చేయాలన్న సందిగ్ధానికి మూలం చాలావరకు ఈ చరిత్రలోనే ఉన్నది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో 1911లో కార్ల్ పియర్సన్ నెలకొల్పిన అనువర్తిత సాంఖ్యక శాఖను ప్రపంచంలోనే మొదటిదిగా పరిగణిస్తారు. అనువంశికతను కొలవాలన్న పట్టుదల నుంచి పుట్టిన ఆ శాఖను 1933లో పియర్సన్ పదవీ విరమణతో రెండుగా చీల్చి, సాంఖ్యకశాస్త్రాన్ని ఆయన కుమారుడు ఈగన్ పియర్సన్‌కు, యూజెనిక్స్‌ను, అనగా మానవజాతి వంశాభివృద్ధిని నియంత్రించవచ్చునని నమ్మి తరువాత అపఖ్యాతి పాలైన అధ్యయనాన్ని, ఆర్.ఎ. ఫిషర్‌కు అప్పగించారు.

అమెరికాలో ఈ చదువు పొలం నుంచి వచ్చింది. అయోవా రాష్ట్ర కళాశాలలో మొక్కజొన్న, పశుపోషణ ప్రయోగాల ఫలితాలను విశ్లేషించే పని పెరగడంతో జార్జ్ స్నెడెకర్ 1933లో స్టాటిస్టికల్ లాబొరేటరీని ఏర్పరచారు. అంతకు రెండేళ్ల ముందే, 1931లో, గెర్ట్రూడ్ కాక్స్ అక్కడ సాంఖ్యకశాస్త్రంలో ఆ కళాశాల ఇచ్చిన తొలి మాస్టర్స్ పట్టాను అందుకొన్నారు. ఏ మడికి ఏ ఎరువు వేయాలో, ఎన్నిసార్లు పునరావృతం చేయాలో ముందే నిర్ణయించే పద్ధతిని ప్రయోగ రచన అంటారు; ఆ శాఖకు ప్రాణం అదే. 1940లో నార్త్ కరోలినా రాష్ట్ర కళాశాల కొత్త శాఖకు అధిపతిని సూచించమని కోరినప్పుడు స్నెడెకర్ పురుషుల పేర్లే వ్రాశారు. తన పేరెందుకు లేదని కాక్స్ అడిగిన తరువాత, స్త్రీని నియమించడానికి అభ్యంతరం లేకపోతే ఆమెను పరిశీలించవచ్చునని ఒక వాక్యం చేర్చారు. ఉద్యోగం ఆ వాక్యానికే దక్కింది.

కాక్స్ ఆ కళాశాల ఉన్న రాలీలో 1941లో ప్రారంభించిన ప్రయోగ సాంఖ్యక శాఖకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, చాపెల్ హిల్‌లో, 1946లో హెరాల్డ్ హోటెలింగ్ గణిత సాంఖ్యక శాఖను నెలకొల్పారు. ఈ శాస్త్రాన్ని సరిగా అభ్యసించనివారే చాలాచోట్ల దానిని బోధిస్తున్నారని 1940లోనే విమర్శించిన హోటెలింగ్, పద్ధతుల వెనుక ఉన్న గణిత నిరూపణలకు పెద్దపీట వేశారు. కలకత్తా నుంచి వెళ్లిన ఆర్.సి. బోస్ 1949లో అక్కడ ఆచార్యుడయ్యారు. అదే సంవత్సరం అక్కడి ప్రజారోగ్య విద్యాలయంలో జీవసాంఖ్యక శాఖ, అంటే వ్యాధులకు, చికిత్సలకు సంబంధించిన దత్తాంశాలను విశ్లేషించే శాఖ, ఏర్పడింది. ఇంత చిన్న పరిధిలో మూడు శాఖలు అవసరమయ్యాయంటే, ఇవి ఒకే వృత్తికి మూడు పేర్లు కావని ఒప్పుకోవలసిందే.

భారతదేశంలో ఈ ఎంపిక మొదట్లో దాదాపు ఒకే నగరానికి పరిమితమైంది. భౌతికశాస్త్ర ఆచార్యుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ ప్రెసిడెన్సీ కళాశాలలోని చిన్న ప్రయోగశాల చుట్టూ 1931లో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించగా, బెంగాల్ జనపనార పంట విస్తీర్ణాన్ని నమూనా సర్వేలతో అంచనా వేయడం దాని తొలి పెద్ద పనులలో ఒకటి అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం ఆశించి కలకత్తా వెళ్లి, అది దొరకక, 1941 జనవరి 1న ఆ సంస్థ శిక్షణలో చేరారు. కొద్ది నెలలకే కలకత్తా విశ్వవిద్యాలయం దేశంలో మొదటిసారిగా సాంఖ్యకశాస్త్రంలో ఎం.ఏ. ప్రారంభించడంతో ఆయన అందులోకి మారి, 1943లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులై స్వర్ణపతకం పొందారు. రావు ఎంపిక చేసుకొన్నారనడం కన్నా, దొరికిన ఒకే దారిని పట్టుకొన్నారనడం న్యాయం. 1959 నాటి పార్లమెంటు చట్టం సంస్థకు పట్టాలిచ్చే అధికారమిచ్చాక, 1960లో బి.స్టాట్, ఎం.స్టాట్ చదువులు మొదలయ్యాయి.

నేడు తెలుగునేల నుంచి విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసేవారి ఇబ్బంది రావు ఎదుర్కొన్నదానికి పూర్తిగా విరుద్ధం: దారులు మరీ ఎక్కువ. ర్యాంకుల జాబితా వాటన్నిటినీ ఒకే వరుసలో నిలబెడుతుంది గాని, ఏ శాఖ ఎవరి అవసరం కోసం పుట్టిందో చెప్పదు. శాఖ ఏ కళాశాల పరిధిలో ఉన్నది, సంభావ్యతా సిద్ధాంతానికి ఎంత సమయం కేటాయిస్తుంది, విద్యార్థుల చేత నిజమైన ప్రయోగాలూ సర్వేలూ విశ్లేషింపజేస్తుందా అన్న మూడు విషయాలను పాఠ్యప్రణాళికలో చూసుకొన్న తరువాతే దరఖాస్తు రుసుము కట్టడం మంచిది.